థ్రిల్లర్ సినిమాల్లో ఉత్కంఠ ఎలా తయారవుతుంది?

సంక్షిప్తంగా: థ్రిల్లర్‌లో టెన్షన్ రెండు లెక్కల మీద నడుస్తుంది. ప్రేక్షకుడికి ఏ విషయం ఎప్పుడు తెలియాలన్నది మొదటిది. తెలిశాక ఫలితం కోసం అతన్ని ఎంతసేపు ఆపాలన్నది రెండోది. కెమెరా, ఎడిటింగ్, శబ్దం ఈ రెండు పనులూ చేసే పనిముట్లు. దాపరికం వల్లే సస్పెన్స్ పుడుతుందన్న అభిప్రాయం బలంగా ఉంది కానీ, పెద్ద థ్రిల్లర్లలో చాలా వరకు ముందే చెప్పేయడం వల్ల పుట్టిన ఉత్కంఠే కనిపిస్తుంది.

ఒకే థ్రిల్లర్ చూసి బయటికొచ్చిన ఇద్దరిలో ఒకరు సస్పెన్స్ అదిరిందంటారు. ఇంకొకరు హంతకుడెవరో అరగంటకే తెలిసిపోయింది, ఇక సస్పెన్స్ ఎక్కడుందంటారు. ఇద్దరి మాటా వాళ్ల వరకు నిజమే. మూడు వేర్వేరు అనుభవాలను ఒకే గాటన కట్టడం వల్ల వచ్చే పేచీ ఇది.

మిస్టరీలో ప్రేక్షకుడి ప్రశ్న జరిగిపోయిన దాని గురించి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు? ఉత్కంఠలో ప్రశ్న జరగబోయే దాని గురించి. దొరికిపోతాడా, తప్పించుకుంటాడా? ట్విస్ట్‌లో ముందు ప్రశ్నంటూ ఏమీ ఉండదు. జవాబు ఉన్నట్టుండి వచ్చి పడుతుంది, అంతకుముందు చూసినదానికి అప్పుడు కొత్త అర్థం వస్తుంది. ఒకే సినిమాలో ఈ మూడూ ఉండొచ్చు. కానీ మూడింటి తయారీ మూడు రకాలు. హంతకుడి పేరు అరగంటకే తెలిసిపోతే పోయేది మిస్టరీ మాత్రమే. చాలాసార్లు అసలైన ఉత్కంఠ అక్కడే మొదలవుతుంది.

బల్ల కింద బాంబు

ఈ తేడాను అందరికంటే తేలిగ్గా విప్పి చెప్పినవాడు థ్రిల్లర్లకు పేరుపడ్డ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రుఫో 1962లో ఆయనతో సుదీర్ఘంగా మాట్లాడి, ఆ సంభాషణలను 1966లో పుస్తకంగా తెచ్చారు. అందులో బాగా పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏవో మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి ప్రేక్షకులకు తెలియకపోతే, అది పేలినప్పుడు వాళ్లు ఓ పదిహేను సెకన్లు ఉలిక్కిపడతారు. అలా కాకుండా బాంబు పెట్టడం ముందే చూపించి, అది ఒంటిగంటకు పేలుతుందని తెలియజేసి, గోడ గడియారంలో ఒంటిగంటకు పావు తక్కువైనట్టు చూపిస్తే, అవే కబుర్లను పదిహేను నిమిషాల పాటు ఊపిరి బిగబట్టి వింటారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, తెర మీద దాదాపు ఏమీ మారలేదు. అవే మాటలు, అదే నటన, అదే సెట్. చూసేవాళ్ల బుర్రలో ఒక్క విషయం చేరింది, అంతే. దాంతో పనికిరాని కబుర్లు కూడా భరించలేనివిగా మారాయి. ఎందుకంటే ఆ ఒక్కో మాటా ఒక్కో క్షణాన్ని తినేస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది. బల్ల దగ్గరున్న వాళ్లకు తెలియని విషయం ప్రేక్షకుడికి తెలుసు, అయినా చెప్పడానికి వీల్లేదు. థ్రిల్లర్ నడిచేదంతా ఈ నిస్సహాయత మీదే.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉందని కూడా హిచ్‌కాక్ అనుభవం మీదే తెలుసుకున్నారు. 1936లో తీసిన 'సాబొటాజ్'లో ఒక కుర్రాడు, తన చేతిలోని పొట్లంలో బాంబు ఉందని తెలియక, ఊరంతా దాటుకుంటూ బస్సెక్కుతాడు. ప్రేక్షకుడికి అన్నీ తెలుసు. చివరికి బాంబు పేలి కుర్రాడు చనిపోతాడు. జనం దాన్ని క్షమించలేదు. అలా చేయడం పొరపాటేనని త్రుఫోతో మాట్లాడినప్పుడు ఆయన ఒప్పుకున్నారు. అంతసేపు ఒక పసివాడి కోసం భయపడినవాళ్లకు ఏదో ఒక ఊరట దక్కాలి. అది దక్కకపోతే ఆ భయం కోపంగా మారి దర్శకుడి మీదికే తిరుగుతుంది.

ఎవరికి ఎంత తెలుసు

పాత్రకు, ప్రేక్షకుడికి మధ్య సమాచారం పంచడంలో మూడు పద్ధతులున్నాయి. ప్రేక్షకుడికి ఎక్కువ తెలిసి ఉండటం ఒకటి, ఇద్దరికీ సమానంగా తెలియడం రెండోది, పాత్రకే ఎక్కువ తెలిసి ఉండటం మూడోది. ఈ పంపకాన్ని సినిమా మధ్యలో ఎప్పుడు, ఎలా మార్చారన్న దాన్ని బట్టే దర్శకుడి నేర్పు తెలుస్తుంది.

హిచ్‌కాక్ తీసిన 'రియర్ విండో' (1954)లో కాలు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన ఫొటోగ్రాఫర్ తన కిటికీలోంచి ఎదురింటివాళ్లను చూస్తుంటాడు. కెమెరా దాదాపు సినిమా అంతా అతని గదిని వదలదు. అతను చూసిందే ప్రేక్షకుడూ చూస్తాడు, అతను ఊహించిందే ఊహిస్తాడు. కానీ ఒక్కచోట, అతను నిద్రలో ఉండగా, ఎదుటి ఫ్లాట్‌లోని అనుమానితుడు ఒక స్త్రీతో కలిసి బయటికి వెళ్లడం ప్రేక్షకుడికి మాత్రమే కనబడుతుంది. ఆ కొద్ది క్షణాల తర్వాత హీరో ఎంత గట్టిగా వాదించినా, నిజంగా హత్య జరిగిందా అన్న శంక ప్రేక్షకుడిని వదలదు. మాటల్లో చెప్పకుండా, ఒక్క షాట్‌తో ఇద్దరినీ విడదీశారు.

ఇంకా చిక్కైన పంపకం జీతూ జోసెఫ్ మలయాళంలో తీసిన 'దృశ్యం' (2013)లో ఉంది. 2014లో వెంకటేశ్ కథానాయకుడిగా తెలుగులోనూ అదే పేరుతో వచ్చింది. హత్య ఎవరి చేతుల్లో, ఎందుకు జరిగిందో ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు. కాబట్టి మిస్టరీ లేదు. శవాన్ని పెరట్లో గొయ్యి తీసి పూడ్చడం కూడా చూస్తాడు. పోలీసులు తెలియక తిరుగుతుంటే అతనికి తెలుసు. అంటే పోలీసుల కంటే పైమెట్టు మీద ఉన్నాడు. చివరికి వాళ్లు ఆ గొయ్యినే తవ్వడం మొదలుపెట్టాక, ఆ కుటుంబంతో పాటు ప్రేక్షకుడి ప్రాణమూ గిలగిలలాడుతుంది. గోతిలోంచి బయటపడేది దూడ కళేబరం. ప్రేక్షకుడికి తెలిసింది అబద్ధం కాదు, కాకపోతే పాతబడిపోయిన నిజం. పోలీసుల కంటే ఎక్కువ తెలుసని ధీమాగా ఉన్నవాడు, హీరో కంటే ఎప్పుడో వెనకబడిపోయాడని అప్పుడు గ్రహిస్తాడు. ఒకే సీనులో ఉత్కంఠ, ట్విస్ట్ రెండూ పండటానికి కారణం, ప్రేక్షకుడిని ఒకరికి పైన, ఇంకొకరికి కింద, ఒకే సమయంలో నిలబెట్టడం.

ఒక గది, ఒక సొరుగు

ఈ లెక్కలు షాట్లలోకి ఎలా దిగుతాయో చూడటానికి ఒక ఊహాజనిత సీను తీసుకుందాం. ఒక స్త్రీ వేరే ఎవరిదో గదిలోకి వెళ్లి బల్ల సొరుగుల్లో ఒక కాగితం కోసం వెతుకుతుంది. దొరుకుతుంది, తీసుకుని వెళ్లిపోతుంది. ఇలాగే తీస్తే ఇది సమాచారం మాత్రమే. మొదట్లోనే, ఆ గది యజమాని కారు గేటు ముందు ఆగినట్టు ఒక్క షాట్ కలిపితే అదే సీను టెన్షన్ సీను అవుతుంది.

ఆపైన ప్రతి చిన్న విషయం ఒక నిర్ణయమే. మొదటి సొరుగులో కాగితం లేదు. రెండోదానికి తాళం ఉంది. మెట్ల మీద బూట్లు. మళ్లీ గదిలో, తాళంచెవి కోసం వెతుకుతూ ఆమె బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసును పక్కకు జరుపుతుంది. మళ్లీ మెట్లు. అతను ఆగాడు, ఫోన్ మోగింది. ప్రేక్షకుడికి కాస్త ఊపిరి. ఫోన్ మాట్లాడుతూనే మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఇరవై మెట్లు ఎక్కడానికి నిజానికి పావు నిమిషం చాలు. ఇటూ అటూ కట్ చేస్తూ పోతే అదే నడక తెర మీద నిమిషం దాటుతుంది, ఒక్కరికీ అనుమానం రాదు. ఎడిటింగ్ కాలాన్ని ఇలా సాగదీయగలదు కాబట్టే ఉత్కంఠకు సినిమా అంత అనువైన మాధ్యమం.

ఇక అడుగుల చప్పుడు ఆమె గదిలోకి వినిపించాలా? వినిపిస్తే టెన్షన్ ఆమెది: పారిపోవాలా, తాళం తీయాలా? వినిపించకపోతే టెన్షన్ పూర్తిగా ప్రేక్షకుడిది. ఆమె చేతుల మీద క్లోజప్ పెడితే తలుపు కనబడదు, అది ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. ఆమె వెనక తలుపు కనిపించేలా వెడల్పుగా ఫ్రేమ్ పెడితే, ప్రేక్షకుడి చూపు ఆమెను వదిలి ఆ తలుపు పిడి మీదే అతుక్కుంటుంది. రెండూ పనిచేస్తాయి, అయితే రెండూ వేర్వేరు భయాలు.

చివరికి ఆమె కిటికీలోంచి తప్పించుకుంటుంది. యజమాని గదిలోకి వస్తాడు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. జరిపిన గ్లాసు ఇంతకుముందున్న చోట మాత్రం బల్ల మీద తడి గుండ్రంగా మెరుస్తోంది. అతను దాన్ని చూశాడా, లేదా? సీను అయిపోయింది, ప్రశ్న మాత్రం తర్వాతి సీనులోకి నడుస్తుంది. ఇందులో ఎక్కడా నేపథ్య సంగీతం అవసరం పడలేదు.

ఫ్రేమ్ బయట మిగిలేది

కెమెరా చూపిస్తుందని అందరికీ తెలుసు. థ్రిల్లర్‌లో మాత్రం అది వదిలేసిన చోటే ఎక్కువ పని జరుగుతుంది. ముఖం మీద క్లోజప్ అంటే ఆ మనిషి చుట్టూ ఉన్న గదంతా కనబడకుండా పోవడమే. తలకు ఒక పక్క కావాలని ఖాళీ వదిలిన ఫ్రేమ్ చూస్తే, ఆ ఖాళీలోకి ఏదో రాబోతోందని కన్ను ఎదురుచూస్తుంది, రాకపోయినా సరే.

'ది బర్డ్స్' (1963)లో బడి ముందు సీను దీనికి పాఠంలాంటిది. ఒక స్త్రీ బెంచీ మీద కూర్చుని సిగరెట్ కాలుస్తుంటుంది. ఆమె వెనక పిల్లలు ఆడుకునే ఇనుప చట్రం మీద ఒక కాకి వాలుతుంది. కెమెరా ఆమె దగ్గరికి తిరిగి వస్తుంది. మళ్లీ వెళితే ఇంకొన్ని. బడిలోంచి పిల్లల పాట అవే వరుసలతో ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. తర్వాత కెమెరా చాలాసేపు ఆమె మీదే నిలబడిపోతుంది. వెనక ఏం జరుగుతోందో చూపించదు. ప్రేక్షకుడు మనసులో కాకులను లెక్కపెట్టుకుంటూ పోతాడు. చివరికి ఆకాశంలో ఎగురుతున్న ఒక కాకిని ఆమె చూపు వెంబడిస్తుంది, అది వెళ్లి వాలిన చట్రం మొత్తం నల్లగా నిండిపోయి ఉంటుంది. ఆ పాట తప్ప అక్కడ సంగీతం లేదు. ఆ సినిమా మొత్తంలోనే మామూలు నేపథ్య సంగీతం లేదు.

లెన్స్‌తో చేసే పనుల్లో ఎక్కువ పేరొచ్చింది 'వర్టిగో' (1958)లోని మెట్ల షాట్. కెమెరా ఒక దిక్కుకు జరుగుతుంటే లెన్స్ దానికి వ్యతిరేక దిక్కులో జూమ్ అవుతుంది. దాంతో ఫ్రేమ్ అంచులు కదలకుండా ఉన్నట్టుంటాయి, లోతు మాత్రం సాగిపోతుంది. ఎత్తంటే భయపడే మనిషి కిందికి చూసినప్పటి కళ్లు తిరగడాన్ని చూసేవాడి ఒంట్లోకి దింపడానికి రెండో యూనిట్ కెమెరామన్ ఇర్మిన్ రాబర్ట్స్ చేసిన ఉపాయం అది. నిజమైన మెట్ల మీద తీయడం కష్టమని ఒక నమూనా కట్టి, దాన్ని పక్కకు పడుకోబెట్టి చిత్రీకరించారు. తర్వాత ఈ షాట్‌ను వాడని భాష లేదు. పాత్ర అనుభవం ఒక్కసారిగా తలకిందులయ్యే చోట తప్ప మిగతా చోట్ల వాడితే అది వట్టి విన్యాసంగా మిగులుతుంది.

కట్ చేయాలా, ఆపాలా

రెండు చోట్ల జరిగే పనులను మార్చి మార్చి చూపడం మూకీల కాలం నాటి విద్య. డి.డబ్ల్యూ. గ్రిఫిత్ 1909 నాటికే, ఇంట్లో చిక్కుకున్నవాళ్లనూ వాళ్లను కాపాడటానికి పరుగెత్తుతున్నవాళ్లనూ ఇలా కలిపి చూపించారు. వందేళ్లలో ప్రేక్షకుడికి ఈ వ్యాకరణం ఎంత ఒంటబట్టిందంటే, రెండు షాట్లు పక్కపక్కన పడితే చాలు, అవి ఒకే చోటికి సంబంధించినవని నమ్మేస్తాడు.

ఆ నమ్మకాన్నే జోనథన్ డెమ్మీ 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' (1991)లో వాడుకున్నారు. ఎఫ్‌బీఐ బృందం ఒక ఇంటిని చుట్టుముడుతుంది. హంతకుడు తన నేలమాళిగలో ఉన్నాడు. బయట ఏజెంట్ కాలింగ్ బెల్ నొక్కుతాడు, లోపల బెల్ మోగుతుంది. హంతకుడు వచ్చి తలుపు తీస్తే, గుమ్మంలో ఉన్నది ఒంటరిగా వచ్చిన కథానాయిక. బృందం చుట్టుముట్టింది వేరే ఊళ్లోని ఖాళీ ఇల్లు. చూసినవాటిలో ఒక్క షాట్ కూడా అబద్ధం చెప్పలేదు. రెండింటినీ కలిపి కథ అల్లుకున్నది ప్రేక్షకుడే. అంతవరకు ఉన్న 'పట్టుబడతాడా' అన్న ప్రశ్న, ఒక్క కట్‌తో 'ఈమె బతుకుతుందా' అన్న ప్రశ్నగా మారిపోతుంది. ట్విస్ట్ ఉత్కంఠను ముగించకుండా రెట్టింపు చేసిన అరుదైన సందర్భం ఇది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన దారి ఆర్సన్ వెల్స్‌ది. 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదటి షాట్‌లోనే ఒక చెయ్యి టైమ్‌బాంబుకు సమయం పెట్టి కారు డిక్కీలో దాచేస్తుంది. ఆ తర్వాత మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ కూడా లేదు. కెమెరా క్రేన్ మీద లేచి, ఇళ్ల పైనుంచి దాటి, సరిహద్దు ఊరి వీధిలో కారు వెంట, నడిచే జంట వెంట తిరుగుతుంది. కారు ఒకసారి ఫ్రేమ్‌లోకి వస్తుంది, ఒకసారి జనంలో తప్పిపోతుంది. కట్ ఉంటే కాలాన్ని సాగదీశారనో కుదించారనో అనుకోవచ్చు. కట్ లేనప్పుడు తెర మీది సెకనూ ప్రేక్షకుడి సెకనూ ఒకటే, తప్పించుకునే సందు ఉండదు. 1998లో వెల్స్ రాసిపెట్టిన సూచనల ప్రకారం ఈ సినిమాను మళ్లీ ఎడిట్ చేసినప్పుడు, ఈ షాట్ మీదున్న టైటిళ్లనూ టైటిల్ మ్యూజిక్‌నూ తీసేశారు. వాటి బదులు వీధిలోని క్లబ్బుల పాటలు, కారు రేడియో వినిపిస్తాయి. దాంతో రేడియో చప్పుడు దగ్గరైన ప్రతిసారీ బాంబు దగ్గరవుతోందని చెవికే తెలిసిపోతుంది.

శబ్దానికి ఉన్న పట్టు

టెన్షన్ అంటే హోరెత్తే రీరికార్డింగే అన్న భావన ఇప్పటి థ్రిల్లర్లలో చాలావాటిని దెబ్బతీస్తోంది. కన్ను మూసుకోవచ్చు, చెవి మూసుకోవడం కష్టం. అందుకే శబ్దానికి అంత బలం. కానీ మొదటి నిమిషం నుంచీ ప్రతి నడకకూ ప్రతి చూపుకూ డ్రమ్స్ మోగిస్తే, అసలు ప్రమాదం వచ్చేసరికి చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

సంగీతం ఒక సంకేతంగా ఎలా పనిచేస్తుందో 'జాస్' (1975)లో స్పష్టంగా కనబడుతుంది. ఉప్పునీళ్లలో యంత్రపు షార్క్ తరచూ మొరాయించడంతో, స్టీవెన్ స్పీల్‌బర్గ్ చాలా సీన్లలో దాన్ని చూపించకుండానే నడపాల్సి వచ్చింది. షార్క్ సరిగా కనిపించేసరికి సినిమా గంట దాటిపోతుంది. అంతవరకూ దాని తరఫున వచ్చేవి జాన్ విలియమ్స్ సమకూర్చిన రెండు స్వరాలు. నెమ్మదిగా మొదలై, దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. ఆ స్వరాలు వస్తే షార్క్ ఉన్నట్టే అని ప్రేక్షకుడు తెలియకుండానే నేర్చుకుంటాడు. ఇద్దరు కుర్రాళ్లు అట్ట రెక్కతో జనాన్ని బెదిరించే సీనులో ఆ సంగీతం రాదు, సినిమా నిజాయితీగా ఉంది. ఇలా నమ్మకం కుదిరాక, పోలీసు అధికారి పడవలోంచి ఎర విసురుతుండగా, ఏ స్వరమూ లేకుండా షార్క్ తల పైకి లేస్తుంది. ఆ క్షణం నుంచి నిశ్శబ్దాన్ని కూడా నమ్మలేని పరిస్థితి. నియమాన్ని ఓపికగా నేర్పారు కాబట్టే దాన్ని తప్పినప్పుడు అంత దెబ్బ తగిలింది.

స్వరం ఎప్పటికీ పైకే వెళుతున్నట్టు భ్రమ కలిగించే పద్ధతి కూడా ఒకటి వాడుకలోకి వచ్చింది. మనోవైజ్ఞానిక శాస్త్రవేత్త రోజర్ షెపర్డ్ 1964లో దీన్ని వివరించారు. ఒక్కో ఆక్టేవ్ (ఒక స్థాయి, అంటే కింది 'స' నుంచి పై 'స' వరకు) దూరంలో ఉన్న కొన్ని స్వరాలు కలిసి పైకి జరుగుతుంటాయి. అన్నిటికంటే పైది మెల్లగా సన్నగిల్లుతుంటే కింద ఇంకొకటి మెల్లగా చేరుతుంది. చెవికి ఆ మార్పిడి తెలియదు, ఆరోహణ మాత్రమే తెలుస్తుంది. క్రిస్టఫర్ నోలన్ 'డంకర్క్' (2017)లో హాన్స్ జిమ్మర్ దీన్ని వాడారు. కథనూ ఇదే తీరులో, మూడు దారుల్లో ఒకటి తగ్గేలోపు ఇంకొకటి పెరిగేలా అల్లినట్టు నోలన్ చెప్పారు.

సంగీతం పూర్తిగా తగ్గించడం ఇంకో ఎత్తుగడ. కోయెన్ సోదరుల 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్' (2007)లో నేపథ్య సంగీతం దాదాపు వినపడదు. హోటల్ గదిలో దీపం ఆర్పేసి తుపాకీతో కూర్చున్న మనిషికి బయటి ప్రపంచం మొత్తం తలుపు కింది సన్నటి వెలుతురు గీతే. అతను కింది రిసెప్షన్‌కు ఫోన్ చేస్తాడు. ఫోన్ మోగడం వినిపిస్తుంది, ఎత్తేవాళ్లు లేరు. తలుపు కింద వెలుగులో రెండు పాదాల నీడ ఆగుతుంది. తర్వాత కదిలిపోతుంది. వెళ్లిపోయాడేమో అనుకునేలోపు వరండాలో బల్బు విప్పుతున్న కిర్రుమనే చప్పుడు, ఆ వెలుతురు గీత మాయం. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ ఉంటే ఆ బల్బు చప్పుడు వినిపించేదే కాదు. సంగీతం లేనప్పుడు చెవి ప్రతి చిన్న శబ్దాన్నీ వెతికి పట్టుకుంటుంది, ఆ వెతుకులాటలోనే ఒళ్లు బిగుసుకుంటుంది.

కెమెరా ఎవరి పక్కనుంటే వాళ్లే మనవాళ్లు

ఉత్కంఠకు మంచివాడే కావాలన్న నియమం లేదు. 'సైకో' (1960)లో నార్మన్ బేట్స్ ఒక శవాన్ని కారులో పెట్టి ఊబిలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోతుంది. అతను కంగారుగా చుట్టూ చూస్తాడు. ప్రేక్షకుడు కూడా ఆ కొద్ది క్షణాలు కారు మునిగిపోతే బాగుండునని కోరుకుంటాడు. అంతకుముందు వరకు తాను వెంట నడిచిన కథానాయిక శవమే ఆ కారులో ఉందన్న సంగతి కూడా ఆ కోరికకు అడ్డం రాదు. కారు పూర్తిగా మునిగాక ఊపిరి పీల్చుకుంటాడు.

దీనికి కారణం నేరుగా కెమెరాలోనే ఉంది. అంతకు ముందు కొన్ని నిమిషాల పాటు నార్మన్ గదిని కడగడం, తుడవడం, వస్తువులు సర్దడం సినిమా తీరిగ్గా చూపిస్తుంది. ఒక మనిషి చేస్తున్న కష్టమైన పనిని దగ్గరగా, ఓపిగ్గా చూస్తే ఆ పని పూర్తవ్వాలని అనిపించడం సహజం. మంచి చెడ్డల తీర్పు కంటే ఇది ముందు పనిచేస్తుంది. దొంగతనాల సినిమాల్లో ప్రేక్షకుడు దొంగ పక్షాన నిలబడటం వెనక ఉన్నదీ ఇదే.

ఉలికిపాటుకు ఉన్న పరిమితి

అకస్మాత్తుగా పెద్ద శబ్దంతో ఏదో తెర మీదికి దూకడం ఉత్కంఠ కాదు, శరీరం ఇచ్చే అసంకల్పిత స్పందన. అయితే దీన్ని కూడా సరైన చోట పెడితే ఫలితం ఉంటుంది. 'క్యాట్ పీపుల్' (1942)లో రాత్రిపూట ఒంటరిగా నడుస్తున్న స్త్రీని ఎవరో వెంబడిస్తున్నట్టుంటుంది. అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఆమె భయం పెరిగి పెరిగి పతాక స్థాయికి చేరినప్పుడు బుస్సుమనే శబ్దం. వచ్చి ఆగింది ఒక బస్సు. అక్కడ ఉలికిపాటు ఒక నిమిషం పాటు కూడబెట్టిన టెన్షన్‌కు విడుదల. ఆ కూడబెట్టడం లేకుండా పిల్లులను, అద్దంలో ముఖాలను దూకించే సినిమాలు ప్రేక్షకుడి ఒంటిని కదిలిస్తాయి, అంతకు మించి ఏమీ మిగల్చవు.

ముగింపు తెలిసినా టెన్షన్ ఎందుకు?

ఇది చాలామందిని తికమక పెట్టే ప్రశ్న. ఫలితం తెలియకపోవడమే ఉత్కంఠకు మూలమైతే, రెండోసారి చూసినప్పుడు అది ఉండకూడదు. కానీ ఉంటుంది. దీనికి పరిశోధకులు ఒకటి కంటే ఎక్కువ వివరణలిచ్చారు. కథ నడుస్తున్నప్పుడు బుర్ర దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగానే అనుభవిస్తుందని, జ్ఞాపకంలో ఉన్న ముగింపును ఆ క్షణానికి ముందుకు లాక్కురాదని ఒక వాదన. ముగింపు గుర్తున్నా, అక్కడికి చేరే దారిలోని చిన్న చిన్న మలుపులు గుర్తుండవని మరొకటి. కాలాన్ని సాగదీయడం, శబ్దం పెంచడం వంటి పద్ధతులు తెలివితో సంబంధం లేకుండా శరీరం మీద పనిచేస్తాయన్నదీ కాదనలేని విషయమే.

మెదడు మీద జరిగిన ప్రయోగాలు కూడా ఈ దిశగానే చూపుతున్నాయి. నాడీ శాస్త్రవేత్త ఉరి హాసన్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ కథ చూస్తున్నవారి మెదడు పైపొర (కార్టెక్స్)లో దాదాపు 65 శాతం ప్రాంతాలు అందరిలోనూ ఒకే తీరున స్పందించాయి. ఒక చిన్న పిల్లవాడు నిజమైన తుపాకీని బొమ్మ అనుకుని ఊళ్లో తిరిగే కథ అది, అంటే బల్ల కింద బాంబు పద్ధతే. పార్కులో కెమెరాను కదలకుండా ఒకచోట పెట్టి తీసిన దృశ్యాలకు ఆ పోలిక 5 శాతం కూడా లేదు. 2015లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో విషయం గమనించారు. సస్పెన్స్ పెరిగే క్షణాల్లో, చూపు అంచుల్లో ఉన్నవాటిని పట్టించుకునే మెదడు భాగాల చురుకు తగ్గిపోతోంది. పక్కన ఏం జరుగుతోందో తెలియకుండా చూశామని జనం అనడం అతిశయోక్తి కాదన్నమాట.

చిన్న తెర మీద ఏం మారుతుంది

ఈ పద్ధతులన్నీ చీకటి హాలు, పెద్ద తెర, ఆపడానికి వీల్లేని ప్రదర్శన ఉన్న రోజుల్లో పుట్టినవి. ఇప్పుడు ప్రేక్షకుడి చేతిలో పాజ్ బటన్ ఉంది, పది సెకన్లు ముందుకు దూకే సదుపాయం ఉంది. జవాబు కోసం ఆపి ఉంచడం అన్న రెండో లెక్కకు ఇది నేరుగా తగిలే దెబ్బ. ఫోన్ స్పీకర్‌లో లోతైన స్వరాలు దాదాపు వినిపించవు. ఫ్రేమ్ మూలలో కదిలే నీడ చిన్న తెర మీద కనబడదు. సబ్‌టైటిళ్లతో ఇంకో చిక్కు. పాత్ర నోరు తెరవకముందే జవాబు కింద అక్షరాల్లో వచ్చేస్తుంది, తలుపు చప్పుడు వినపడకముందే తలుపు తెరుచుకుందని రాసి ఉంటుంది. దర్శకుడు అరసెకను ఆపి ఉంచిన విషయం అక్కడే కారిపోతుంది.

అందువల్ల నేరుగా ఇళ్లకు వచ్చే థ్రిల్లర్లు ముఖాల క్లోజప్‌ల మీద, ఎపిసోడ్ చివరి ప్రశ్న మీద ఎక్కువగా ఆధారపడుతున్నాయి. దీనివల్ల ఖాళీ ఫ్రేమ్, దీర్ఘమైన షాట్ వంటివి వెనక్కి జరిగే అవకాశముంది, అది నష్టమే. మరోవైపు చిన్న తెరకే సరిపోయే కొత్త ఉపాయాలు కూడా పుడుతున్నాయి. కనబడకుండా పోయిన కూతురి కోసం ఒక తండ్రి వెతికే 'సెర్చింగ్' (2018)ను అనీశ్ చాగంటి కంప్యూటర్, ఫోన్ తెరల మీదే నడిపించారు. అందులో తండ్రి కూతురికి ఒక సందేశం టైప్ చేస్తాడు, ఆగుతాడు, పంపకుండా చెరిపేస్తాడు. కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. అతను ఏం చెప్పాలనుకుని మానుకున్నాడో ఆ కథలో ఇంకెవరికీ తెలియదు, ప్రేక్షకుడికి మాత్రమే తెలుసు. నటుడి ముఖం చేయాల్సిన పనిని అక్కడ మెరుస్తున్న ఒక గీత చేస్తోంది. లెక్క మాత్రం పాతదే, ఎవరికి ఎంత తెలుసన్నదే.